ముక్కుతో చేసే పని

అక్కా, ఫోన్లో చెబితే ఏడుస్తావని కార్డు రాస్తున్నాను. ఉద్యోగం పోలేదు, కంగారుపడకు.

ఎవరూ కొనని ప్లాస్టిక్‌ను ఇక్కడ కరిగించి నూనె తీస్తాం కదా. ముందు ప్రతి మూటలోంచి ఒక ముక్క కాల్చి వాసన చూడాలి. కొవ్వొత్తి వాసనొస్తే బట్టీలోకి, ఘాటు వాసనొస్తే అవతలికి. ఆ పని నాది. సోమవారం నేను సరేనన్న మూట నిండా రెయిన్‌కోటు ముక్కలే, ఆ ఘాటు వాసన రకం. వాటి ఆవిరి బట్టీ గొట్టాలను తినేసింది, నూనంతా పారబోశారు. "నీ ముక్కేమైందిరా?" అంటూ మేస్త్రీ కాలుతున్న ముక్కొకటి నా ముఖం ముందు పెట్టాడు. పొగ కనబడింది గాని వాసన తెలియలేదు. ఇప్పుడు మూటలు మోస్తున్నాను. ముక్కు మీద కోపం తప్ప ఇంకేమీ మిగల్లేదు. వాసన తిరిగి వస్తుందో రాదో చెప్పలేనన్నాడు డాక్టరు.

ఇంట్లో గ్యాసు గొట్టం మార్పించావా? నేనొచ్చాక అది లీకైనా నాకు తెలియదు, ఈ వారమే బావ చేత వేయించు. చిన్నదానికి దగ్గు తగ్గిందా? బావకు నమస్కారాలు, దానికి ముద్దులు.

నువ్వు పంపిన బొంతలో ఇంటి వాసనే లేదని, ఎందుకు ఉతికావని పోయిన వారం ఫోన్లో నీమీద ఎగిరాను. నువ్వు అసలు ఉతకనే లేదు కదూ?

నీ తమ్ముడు