అత్త మంచం కింద ఇటుకలు

పెదజాలారిపేట,
విశాఖపట్నం.

బావా,

నేను, పిల్ల కులాసాగానే ఉన్నాం. అందరం కులాసా అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. నువ్వు బోటెక్కితే ఫోన్ కలవదు. కలిసినా అత్త పక్కనుంటే ఈ సంగతి నా నోట రాదు. వీరన్న చిన్నాన్న నువ్వున్న గుజరాత్‌కే బండెక్కుతున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను.

అమ్మ మాత్రలు సరిగ్గా వేసుకుంటోందా అని పోయిన ఉత్తరంలో అడిగావు. వేసుకుంటోంది. పరగడుపున మాత్ర, అరగంటాగి గంజి. రాత్రి కూడు ఏడింటికే. కారం తగ్గించానని రోజూ సాధింపే. "ఏటే ఇది? సేపల పులుసా, సేపలు కడిగిన నీళ్లా?" అంటుంది. నిప్పు నోట్లో పెట్టి పీల్చే ఆ అడ్డపొగ మాత్రం మానలేదు. పుల్లనీళ్లు ఇంకా పైకి తన్నుతాయని డాక్టరమ్మ చెబితే, రెండు నెలల కిందట చుట్టలు దాచేశాను. వీధంతా వినేలా చచ్చిపోయిన మా అమ్మని తిట్టింది.

ఆ రోజే మన పక్కింటి దొరబాబు వచ్చాడు. మంచం తలవైపు ఎత్తు చెయ్యమని డాక్టరమ్మ చెప్పిందంటే, అత్త తల ఎటు పెడుతుందో తెలియక గోడవైపు మంచంకోళ్ల కింద ఇటుకలు పెట్టి వెళ్లాడు. అది ఉత్తర దిక్కు. పడుకోబోతూ అత్త, "ఒలమ్మో! ఉత్తరానికి తలెడతానేటి? యముడికి దారి సూపించినట్టే!" అని తలగడ దక్షిణానికి మార్చుకుంది. కాళ్లు పైకి, తల కిందికి.

నేను చూశాను బావా. ఇటుకలు ఇవతలికి జరపడం రెండు నిమిషాల పని. మా అమ్మని తిట్టింది కదా, గుండెలు మండనీ అనుకున్నాను. ఈ రెండు నెలలూ రాత్రిళ్లు దగ్గుతుంటే విని కూడా లేవలేదు.

మొన్న అత్తకి ముద్ద దిగలేదు. పెద్దాసుపత్రిలో గొట్టం దింపి చూశారు. అన్నం దిగే దారిలో పుండట. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు, శనివారం చెబుతారు. ఇటుకలొక్కటే కాదు, ఏళ్లనాటి చుట్ట కూడా కారణమేనంది డాక్టరమ్మ. అయినా నాకు ముద్ద దిగడం లేదు.

నిన్న అత్త కాళ్లు పట్టుకుని చెప్పేశాను. "నువ్వు సూసి ఊరుకున్నావని నాకు తెల్దేటి? జరపమని అడిగితే నాను తగ్గినట్టవుద్దని నానూ ఊరుకున్నాను. ఆడికి రాయకే, సంద్రం మీదున్నోడు," అంది.

రాయొద్దన్నా రాశాను. తిట్టాలనుంటే నన్ను తిట్టు, పడతాను. ఫోన్ చేసినప్పుడు మాత్రం ముందు అమ్మతో మాట్లాడు. గొంతు బొంగురుపోయి పూర్తిగా మారిపోయింది. ఎవరని అడగకు బావా.

ఇట్లు,
నీ మేనమామ కూతురు,
నీ భార్య
ఈశ్వరి