బోణీపై పరిశోధన

కాంథో

లామ్ మాస్టారికి నమస్కారాలు.

పరిశోధనకు నాకు బాగా తెలిసిన అంశమే తీసుకోమన్నారు మీరు. అందుకే, బోణీ నమ్మకం మా సంతలో వ్యాపారాన్ని ఎలా నడుపుతుందో చూస్తానని రాసిచ్చాను.

పోయిన నెల మా ఆయన చనిపోయారు. సంతాపానికి గుర్తుగా చొక్కాకు నల్లగుడ్డ ముక్క కుట్టుకుని, నిన్న పొద్దున్నే ప్రశ్నలతో సంతకు వెళ్లాను.

"ఇంకా బోణీ కాలేదే తల్లీ! మధ్యాహ్నం రాకూడదూ?" అంది చేపలమ్మే హన్ పిన్ని.

నేను వెనుదిరగ్గానే, దోషం పోవడానికి కాగితం వెలిగించి చేపల తట్టల చుట్టూ తిప్పింది. ఆమెకు అగ్గిపెట్టె అందించింది పక్క కొట్టులో ఉన్న మా అమ్మే.

అంశం మార్చుకోవడానికి అనుమతి ఇవ్వండి. ఏదైనా ఫర్వాలేదు మాస్టారూ, మధ్యాహ్నం పూట చేసుకోగలిగేదైతే చాలు.

మీ విద్యార్థిని