ఒక్కడే తిన్న పుట్టగొడుగుల కూర

బెంగళూరు దగ్గర నుంచి,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు, తమ్ముడు ఓబులేసు దండాలు. నేను కులాసాగానే ఉన్నాను. నువ్వూ బావా పిల్లలూ, అమ్మకుండా మిగుల్చుకున్న ఆ నాలుగు గొర్రెలూ బాగున్నారనే అనుకుంటున్నాను. నేను ఊరు విడిచినప్పటి నుంచి నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు. ఉత్తరమైతే చేతికి వస్తుంది, చింపే ముందైనా ఒకసారి చూస్తావని ఆశ.

పని సంగతి చెబుతాను. పుట్టగొడుగులు పెంచేచోట కుదిరాను. నవ్వకు. మన దగ్గర ఉరిమి వాన పడితే తప్ప కనపడనివి ఇక్కడ ఏడాది పొడుగునా పండిస్తారు. వరిగడ్డి తరిగి, నానబెట్టి, ఉడకబెట్టి, చల్లార్చి, విత్తనంతో పొరలు పొరలుగా కవర్లలో కూరి చీకటి గదిలో మూడు వారాలు ఉంచుతాము. తరువాత వేలాడదీసి పూటపూటకూ నీళ్లు చిమ్మాలి. అక్కడ మన చెనిక్కాయ చేను నెర్రెలు బారుతుంటే ఇక్కడ నేను గడ్డి మూటలకు నీళ్లు తాగిస్తున్నాను! ఒక్కోసారి పైపు విసిరికొట్టి అరవాలనిపిస్తుంది. అరిచినా వినేది ఆ మూటలే. చెమ్మకు చొక్కా ఆరదు. ఎండలో పుట్టి పెరిగినవాణ్ని, ఎండ కోసం గుమ్మంలోకి వచ్చి నిలబడుతున్నాను. జ్వరం గిరం ఏమీ లేదు, దిగులు పడకు.

పోయిన శనివారం ఒక గొడవ జరిగింది. నేనూ, ఇళ్లు కట్టడానికి వచ్చిన కూలీలూ ఉండే రేకుల షెడ్ల పక్కనే పెద్ద ఇళ్ల లేఔటు ఉంది. వాళ్ల సంఘం పెద్దమనిషి, మన భాషవాడే, వచ్చి "ఈ షెడ్లు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నాయి, తీసేయించాలి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పేపర్లలో ఈ మాట చదివి చదివి విసిగిపోయాను. దొంగ కాలేజీలూ పుట్టగొడుగులే, చీటీల కంపెనీలూ పుట్టగొడుగులే, చివరకు కూలివాడి గుడిసె కూడా పుట్టగొడుగే! ముంచేవాణ్నీ మునిగేవాణ్నీ ఒకే మాటతో కొడతారా?

"అయ్యా, పుట్టగొడుగు ఊరికే మొలవదు. నేను పెంచుతాండా, నాకు తెల్సు. మీ ఇండ్లకు స్లాబు పోసేకి మమ్మల్ని పిలిపిచ్చింది మీరే. పోసినాక మేము అడ్డమైనామా?" అని మొదలుపెట్టి అరగంట దులిపాను. ఆయన వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఇప్పటికి షెడ్లు అలాగే ఉన్నాయి.

శనివారాల్లో విరిగిన పుట్టగొడుగులు యజమాని మాకే ఇచ్చేస్తాడు. ఆ సాయంత్రం కూర చేసి, సంగటి కెలికి, పక్క షెడ్డులో ఉండే కళ్యాణదుర్గం మారెక్కను తినడానికి రమ్మన్నాను. ఆమె గుమ్మం దాటలేదు.

"పొద్దున నువ్వు చెప్పిందంతా నిజమేనప్పా. కానీ నీతో కూసోని తినాలంటే భయం. ఒక ముద్ద మింగేలోపల మూడు ప్రశ్నలేస్తావు. జవాబు చెప్పేకి పోతే ముద్ద గొంతుకు అడ్డం పడతాది."

"నేనేం తప్పు మాట్లాడినా?"

"తప్పని ఎవురన్నారు? సూడు, మల్లా అదే!" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

అంత కూర ముందు పెట్టుకుని ఒక్కణ్నే కూర్చున్నాను. అప్పుడు నాయన మాట గుర్తొచ్చిందక్కా.

పుట్ట మీద గొడుగులు దొరికినవాళ్లు ఒక్కరే తినకూడదని, ఇరుగుపొరుగుకు పంచకపోతే మరుసటేడు మొలవవని నాయన చెప్పేవాడు. నాకు దొరికిన ఏడాది నేనేం చేశాను? ఇది మూఢనమ్మకమని రుజువు చేస్తానని ఊరందరి ముందు పందెం వేసి, ఎవరికీ పెట్టకుండా తిన్నాను. బావకు జ్వరం తగ్గి నోరు చేదుగా ఉందని నువ్వు గిన్నె పట్టుకుని వచ్చి నాలుగు ముక్కలు అడిగావు. నా మాట పోతుందని ఇవ్వలేదు. "నువ్వే గెలిచినావులేరా" అని వట్టి గిన్నెతో వెళ్లావు. మరుసటేడు ఆ పుట్ట మీద రెండింతలు మొలిచాయి. తట్టలో పెట్టుకుని ఇంటింటికీ చూపించాను. సిగ్గు లేకుండా నీ ఇంటికి కూడా వచ్చాను.

అది మూఢనమ్మకమే. ఇప్పటికీ అదే అంటాను. కానీ ఏడాదికొకసారి దొరికే ఆ రుచి, ఏమీ లేనివాడి ఇంటికి కూడా ఆ అబద్ధం వల్లే చేరేది. సమానత్వం గురించి ఊరూరా మీటింగుల్లో గొంతు చించుకున్నవాడికి అది కనపడలేదు. నీ గిన్నె కూడా కనపడలేదు. నాది తప్పు.

బావకు నా దండాలు చెప్పు. పిల్లలను అడిగానని చెప్పు. వచ్చే ఆదివారం కదిరిలో బస్సు మారి, ఎండ దిగేలోపు మనూరు చేరతాను. నువ్వు ఎంత తిట్టినా పడతాను. అందులో సగం నాకు అన్యాయమనిపించినా నోరు తెరవను. కూర్చోమంటే కూర్చుంటాను. పొమ్మంటే, ఎందుకు అని అడగకుండా మళ్లీ బస్సెక్కుతాను.

దీవించమని అడగడానికి మొహం చెల్లని
నీ తమ్ముడు,
ఓబులేసు