తోక నేలకు ఆనదు

దువ్వాడ,
ఆదివారం మధ్యాహ్నం.

శ్రీవారికి,

ఆశాజ్యోతి నమస్కరించి రాయునది. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నీళ్ళ మీద ఉన్న మీరూ బాగుండాలని సింహాద్రి అప్పన్నకు రోజూ చెప్పుకుంటున్నాను. "బాగానే" అని రాశాక ఆ మాట కొట్టేద్దామనుకున్నాను. ఉంచేశాను. చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మీ వీరేంద్ర గారు సెలవు ముగించుకుని ఈ బుధవారం సింగపూర్‌లో మీ ఓడ ఎక్కుతారట. ఈ ఉత్తరం, ఎండు నెత్తళ్ళ పొట్లం ఆయన చేతికిస్తున్నాను. మూడు కవర్లు చుట్టాను. అయినా వాసన వస్తే ఆయన్ని ఏమీ అనకండి, నన్ను తిట్టుకోండి. ఫోనులో రెండు ముక్కలు పెట్టొచ్చు కదా అంటారు. పెడుతూనే ఉన్నానుగా, రోజూ "అంతా ఓకే" అని. అదే పెట్టి పెట్టి అలిసిపోయాను.

మీరు కొలంబో నుంచి అడిగినవాటికి జవాబులు. చంద్రిక బస్సు మానేసి సైకిలు మీదే బడికి వెళ్తోంది. మేడ మీద ట్యాంకు పగులు పూడ్పించాను. నా మోకాలు ఫరవాలేదు, మెట్లు దిగేటప్పుడు మాత్రం తానొకటి ఉన్నానని గుర్తు చేస్తుంది. ఇక మిగిలినవి రెండు. నాన్న ఫోను ఎందుకు ఎత్తడం లేదు? డైనోసార్ ఎంతవరకు వచ్చింది? అవి రెండూ ఒకటే ప్రశ్నండీ.

స్టేషను అవతల కొత్త లేఅవుటు వాళ్ళు పిల్లల పార్కు వేస్తున్నారని, స్టీలు ప్లాంటులో ముప్పై నాలుగేళ్ళు వెల్డింగు చేసిన మామయ్యను పిలిచి డైనోసార్ చెయ్యమన్నారని మీకు తెలుసు. అత్తయ్య పోయాక ఆయన గొంతు ఇల్లంతా వినిపించింది మళ్ళీ అప్పుడే. నర్మద ఒడ్డున ఎముకలు దొరికిన మన దేశపు జంతువే కావాలన్నారు. పేరు రాజాసారస్. "ఈ పోలిరాజు పేరులో సగం దానికెట్టీసినారు, సూసినారా!" అని వీధంతా చెప్పుకొచ్చారు.

పదిహేను అడుగుల ఎత్తు. లోపల పైపులు, ఊచలు, వాటి మీద ఇనుప వల, పైన సిమెంటు. రెండు కాళ్ళు, నేలకు ఆనించిన తోక. "మూడు కాళ్ళ పీట ఏ గచ్చు మీదయినా కదలదు," అనేవారు. అది తోక గురించని అప్పుడు నాకు తెలియదు. రంగు వేసేదాకా మమ్మల్ని అటు రానివ్వలేదు. కానీ సాయంత్రం ఇంటికి రాగానే, కాలేజీలో జంతువుల పాఠాలు చెప్పేదాన్ని కదా, నాకు పరీక్ష మొదలయ్యేది.

"దాని రంగేటమ్మా?"

"తెలీదు మామయ్యా. చర్మం దొరకలేదు."

"పళ్ళు బయటికుంటాయా, పెదాలు మూసుకుంటాయా?"

"దాని మీద ఇంకా వాదించుకుంటున్నారు."

"పోనీ సేతులు?"

"ఆ ఎముకలూ దొరకలేదు. దాని చుట్టాలవి పొట్టివి కాబట్టి దీనివీ పొట్టివే అనుకుంటున్నాం."

ఆయన ముక్కు మీద వేలేసుకున్నారు. "రంగు తెల్దు, పెదాలు తెల్దు, సేతులు తెల్దు. మరి ఇన్నేళ్ళూ కాలేజీలో పిల్లలకి ఏటి సెప్తన్నావమ్మా?"

చంద్రిక కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నిజానికి నన్ను రాత్రంతా గుచ్చిన మాట అది. ఏవో కొన్ని ఎముకలు దొరుకుతాయి, మిగతాదంతా మనం కప్పేదే. కొన్నేళ్ళకు ఇంకో ఎముక దొరుకుతుంది, మనం కప్పినదాన్ని మనమే తీసేస్తాం.

చివరికి ఆయన దానికి ఉడుము రంగు వేశారు. ఊళ్ళో పొలాల్లో చూసిన ఉడుమట. అది తోక ఈడుస్తూ నడుస్తుంది కాబట్టి ఆయనకు ఏ అనుమానమూ రాలేదు. వంద, నూటయాభై ఏళ్ళ కిందటి పండితులకూ ఇదే పోలిక తట్టింది లెండి. తర్వాత రాళ్ళల్లో అడుగుజాడలు దొరికాయి. ఆ అడుగుల మధ్య తోక ఈడ్చిన గీత ఎక్కడో తప్ప కనబడలేదు. తోక గాల్లో నిలిపి, ఒంటిని నేలకు సమంగా ఉంచి నడిచేవని తేలింది. తెలియనివి వంద ఉన్నా ఈ ఒక్కటీ గట్టిగా తెలుసు.

అంతా అయ్యాక లేఅవుటు వాళ్ళకు, కరపత్రంలో "శాస్త్రీయంగా నిర్ధారించినది" అని వేసుకుంటే బాగుంటుందని తోచింది. మా కాలేజీని అడిగారు. నివేదిక వెళ్ళింది. భంగిమ తప్పు, తోక నేలకు ఆనదు, సరిచేయాలి.

ఆ తర్వాతి సంగతి సైటు సూపర్‌వైజరు బాబీ చెప్పాడు. "తోక లేపీమన్నాడు మేడం మా సార్. పెద్దాయన ఒకటే మాటన్నారు. సదూకున్నోళ్ళ శాస్త్రంలో తోక గాల్లో ఉంటాది. నా శాస్త్రంలో సిమెంటు గాల్లో ఉండదు బాబీ, అని. అన్నారు గానీ ఆయనే కటింగ్ టార్చ్ అందుకున్నారు."

తోక కోసి, ఒంటిని ముందుకు వంచడానికి కింద కర్రలు దన్ను పెట్టారట. ఆ రాత్రి గాలివాన. తెల్లారేసరికి కుడి మడమ దగ్గర గచ్చు చిట్లి బొమ్మ పక్కకు ఒరిగింది. ఇంజనీరు వచ్చి పిల్లలుండే చోట ఇది పనికిరాదన్నాడు. క్రేను తెచ్చి దించేశారు. మామయ్య ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, "మజ్జిగుందా?" అని అడిగి, తాగి పడుకున్నారు. ఆ రోజు నుంచి ఫోను మోగుతుంటే దాని వంక చూస్తూ కూర్చుంటారు. మీరు అడిగితే ఏం చెప్పాలో ఆయనకు తెలియడం లేదు.

ఏమండీ, పైన "నివేదిక వెళ్ళింది" అని రాసి ఊరుకున్నాను. దాన్ని రాసింది నేను. కింద సంతకం నాది.

ప్రిన్సిపాల్ గారు ఇంకెవరికైనా ఇస్తామన్నారు. నేనే తీసుకున్నాను. ఇంట్లో మనిషి కదా అని ఊరుకుంటే రేపు నా విద్యార్థులే ఆ బొమ్మ ముందు నిలబడి నవ్వుతారనుకున్నాను. ముందుగా మామయ్యకు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెబితే ఆయన ముఖం చూడాలి. కాగితానికి ముఖం ఉండదు. సరిచేస్తారనే అనుకున్నాను గాని, ఆ తోక మూడో కాలని నాకు తట్టలేదు. నేను రాసింది నిజమే. ఆ నిజంతో ఇప్పుడు ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

ఇంకొకటి ఉంది. క్రేను వచ్చిన రోజు ఆయన తోక ముక్కను మాత్రం ట్రాలీ ఆటోలో వేయించుకుని తెచ్చారు. ఏడడుగులది, పెరట్లో గోడవార పడి ఉంది. పాత ఇనుము బండివాడు రెండుసార్లు అడిగినా ఇవ్వలేదు. పొద్దున్నే దాని మీద కూర్చుని పేపరు చదువుతారు. మొన్న నేను దాని బురద కడుగుతుంటే, కోసిన చోట ఇనుప పలక మీద గుద్దిన అక్షరాలు కనిపించాయి. ప్లాంటులో అతుకు పక్కన వెల్డరు తన నంబరు, ఏ డ్రాయింగు ప్రకారం చేశాడో ఆ నంబరు గుద్దాలని మీరే ఒకసారి చెప్పారు. పైన మామయ్య పాత నంబరు ఉంది. దాని కింద "డ్రాయింగు: ఆశాజ్యోతి" అని ఉంది.

నా ఎమ్మెస్సీ రికార్డు పుస్తకమండీ. అటక మీద నుంచి ఎప్పుడు తీశారో. డిపార్టుమెంటులో వేలాడే పాత చార్టు చూసి, తోక నేలకు ఆనించి, ఇరవై రెండేళ్ళ కిందట నేను గీసిన బొమ్మ అది.

చీపురు పక్కన పెట్టి ఆ అక్షరాలు చేత్తో తుడుస్తున్నాను. మామయ్య వచ్చారు.

"పార్కులో పచ్చి గచ్చు మీద కుక్కొకటి నడిసీసినాదమ్మా. వంగి సూసినాను. అడుగులున్నాయి, తోక గీత నేదు. నువ్వు రాసింది రైటే."

"నేను రాశానని మీకెవరు చెప్పారు?"

"ఒకలు సెప్పాలేటి? ఆ కాయితం నాకూ సూపించినారు. నాకు ఇంగిలీసు రాదు గానీ నీ సంతకం తెల్దా? మన గుంట సంద్రిక మార్కుల కార్డు మీద ఎడతావు గదా."

"మరి ఆ బొమ్మ గీసిందీ నేనేనని వాళ్ళతో అనలేదేం మామయ్యా?"

"అంటే నీ బొమ్మ నువ్వే తప్పన్నట్టయిపోదా? కాలేజీలో నిన్ను సూసి నవ్వరేటి?" అని, "నాను ముసిలోణ్ణి, నన్ను సూసి నవ్వితే ఏటయిపోతాది," అన్నారు.

ఈసారి మీరు ఆయనతో మాట్లాడేటప్పుడు డైనోసార్ ఊసెత్తాలో మానాలో మీరే ఆలోచించండి. నాకు పాలుపోవడం లేదు. క్షమించమని ఆయన్ని ఇంకా అడగలేదు. ఇవాళ పొద్దున తోక ముక్క మీద కూర్చున్న ఆయన పేపరు మడిచి కాస్త పక్కకు జరిగారు. వెళ్ళి కూర్చున్నాను. ఇద్దరి బరువూ పడినా అది కదలలేదు. నేలకు ఆని ఉంది కదా.

ఇట్లు,
మీ రాకకు ఎదురుచూసే మీ ఇల్లాలు,
ఆశ