తలుపు మీద ఫోటో

బ్రాక్టన్, 1926

ఎల్డన్ విట్‌కమ్ గారికి,

మీ నాన్నగారి విగ్రహం ఆవిష్కరించే రోజున కార్మికుల తరఫున నన్ను నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. చెప్పను.

మన బూట్ల ఫ్యాక్టరీలో సమ్మె ముగిసిన రోజు ఆయన నన్ను పిలిచి, "తలుపు తట్టడానికే వీళ్లకు భయం. పీకెయ్యవయ్యా," అన్నారు. ఆయన గది తలుపుకు స్క్రూలు విప్పింది నేనే. ఆ తర్వాత ఇరవై ఏళ్లు, బూట్లు కుట్టేవాళ్లు నేరుగా లోపలికెళ్లి ఆయనతో పోట్లాడేవాళ్లు.

మిషన్‌లో వేలు నలిగిందని మీరు పనిలోంచి తీసేసిన డెలియా గురించి అడుగుదామని నిన్న అదే గదికి వచ్చాను. కొత్త తలుపు, దానికి తాళం, దాని మీద మీ నాన్నగారి ఫోటో. తట్టాను. "చెప్పేదేదో రాసి తలుపు కింద నుంచి తోసెయ్," అన్నాడు మీ గుమాస్తా.

తోస్తున్నాను. డెలియాను పనిలోకి తీసుకోండి. ఆ ఫోటో తీసెయ్యండి. పెద్దాయన్ని మీ గుమ్మానికి కాపలా పెట్టకండి.