తమ్ముడు తిప్పిన స్క్రూ

నంద్యాల జిల్లా (పూర్వపు కర్నూలు జిల్లా) నందికొట్కూరు కాపురస్థుడు, కీర్తిశేషులు గద్దల యోహాను గారి పెద్ద కుమారుడు, కారు మెకానిక్కు, డెబ్బై ఒక్క ఏళ్ల గద్దల దావీదురాజు అనే నేను స్వహస్తాలతో రాసుకున్న వీలునామా.

బీపీ మాత్ర తప్ప నాకు వేరే మందు లేదు. మతి నిలకడగా ఉంది. కారు వీధి మలుపు తిరిగేలోపు దాని ఏ సిలిండరు పనిచేయడం లేదో ఇప్పటికీ చెప్పగలను. ఎవరి బలవంతమూ, బుజ్జగింపూ లేకుండా ఇది రాస్తున్నాను. కోపంతో రాస్తున్నానా అంటే, కోపంతోనే రాస్తున్నాను. కోపం ఉంటే వీలునామా చెల్లకుండా పోదని ప్లీడరు గారు చెప్పారు.

1. నేను కట్టిన రెండు గదుల ఇల్లు, అందులోని సామాను సమస్తం నా భార్య ఏసుమణికి చెందాలి. మాకు పిల్లలు లేరు. నేను ఏ బండి ట్యూన్ చేసినా డ్రైవరు సీట్లో కూర్చుని యాక్సిలరేటరు తొక్కింది ఆమే. "రవ్వంత" అంటే రవ్వంతే తొక్కేది. అంత నిలకడైన కాలు జిల్లాలో ఏ డ్రైవరుకూ లేదు. ఈ మాట ఇన్నేళ్లలో ఆమెతో అనలేదు, సిగ్గుపడ్డాను.

2. నా స్పానర్లు, జాకీలు రెండూ, పక్క పంక్చరు షాపు చిన్న ఈరన్నకు ఇవ్వాలి. వాటితోపాటు మూరెడు రబ్బరు గొట్టం ఒకటి ఉంది. ఒక కొస చెవిలో, ఒక కొస కార్బొరేటర్ నోటి దగ్గర పెడితే గాలి ఎంత పీలుస్తోందో వినపడుతుంది. ఊరంతా నన్ను తప్పించుకు తిరిగిన రోజుల్లో ఈరన్న ఒక్కడే పొద్దున్నే వచ్చి, "ఏమప్పా, టీ తాగుదామా" అని పిలిచేవాడు. గొట్టం పారేయవద్దని అతనికి చెప్పండి.

3. ఆత్మకూరు రోడ్డులోని ఐదు సెంట్ల షెడ్డు స్థలం నా తమ్ముడు గద్దల యేసుప్రసాద్‌కు చెందాలి. నాన్న పోతూ తమ్ముణ్ణి చూసుకోమన్నాడు, అందుకు ఇస్తున్నాను. కానీ ఈ అంశాన్ని ఆరో అంశంతో కలిపి చదవాలి.

4. షెడ్డులో టార్పాలిన్ కప్పి ఉంచిన 1982 నాటి నా అంబాసిడర్ కారు, గోనెసంచిలో చుట్టిపెట్టిన కార్బొరేటర్‌తో సహా, తమ్ముడి కూతురు నిస్సీకి చెందాలి. తొమ్మిదేళ్లుగా ఆ బిడ్డ నాతో మాట్లాడలేదు. ఎందుకో ఊరికి తెలుసు. అసలు సంగతి ఊరికి తెలియదు కాబట్టి రాస్తున్నాను.

2015లో నిస్సీ పెళ్లి మైదుకూరులో, పెళ్లికొడుకు వాళ్ల చర్చిలో కుదిరింది. పెళ్లికూతురు నా కారులోనే పోవాలని నేనే పట్టుబట్టాను. పాత కార్బొరేటర్ అరిగిపోయింది, అసలుది దొరకలేదు. హైదరాబాదు నుంచి వేరే రకం కొత్తది తెప్పించాను. దాని బోల్టు రంధ్రాలు ఇంజనుకు సరిపడలేదు. అల్యూమినియం ప్లేటు కోసి, ఆకురాయితో అరగదీసి, మధ్యన పెట్టాను. సందుల్లోంచి గాలి పోకుండా వేసే గాస్కెట్లు చేత్తో కత్తిరించాను. యాక్సిలరేటరు తీగ పొడుగైతే తుంచి కట్టాను. బిగించడానికి మూడు రోజులు, ట్యూన్ చేయడానికి రెండు రోజులు పట్టింది. పెట్రోలు ఎంత పోవాలో చెప్పే స్క్రూ దాని అడుగున ఉంటుంది. దాన్ని పూర్తిగా బిగించి, అక్కడి నుంచి రెండుంపావు చుట్లు వదిలాను. ఇంజను ఉయ్యాల్లో బిడ్డలాగా నిద్రపోయింది. ఏ బండికైనా ట్యూనింగ్ అయ్యాక స్క్రూ మీద ఎర్ర పెయింటు చుక్క పెట్టడం నా పద్ధతి. ఆ తర్వాత ఎవరు తిప్పినా చుక్క పగిలి పట్టిస్తుంది.

పెళ్లినాడు కారు నడిపింది తమ్ముడు. మే నెల ఎండ. చాగలమర్రి దాటాక కార్బొరేటర్‌లోంచి మంట వెనక్కి తన్ని ఎయిర్ ఫిల్టరు అంటుకుంది. బానెట్ ఎత్తిన తండ్రికి నీళ్లందించడానికి నిస్సీ పరిగెత్తింది. ముసుగు అంటుకుని ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆ చేతికి కట్టుతోనే బిడ్డ ప్రమాణం చేసింది. తమ్ముడు అందరి ముందూ, "అన్న కొత్త కార్బొరేటర్ ఏసినాడు, దాన్ని సరిగ్గా చేసినట్టు లేదు" అన్నాడు.

నేను నమ్మాను. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు ట్యూన్ చేశాను, మధ్యాహ్నం ఎండను లెక్కలోకి తీసుకోలేదు అనుకున్నాను. కార్బొరేటర్ చూపించమంటే, కాలిపోయిందని పారేశానన్నాడు. మా సంఘంలో తప్పు చేసినవాడు ఆరాధన అయ్యాక అందరి ముందు నిలబడి ఒప్పుకోవాలి. ఎవరూ అడగకముందే నేను లేచి నిలబడ్డాను. నా నిర్లక్ష్యం వల్ల బిడ్డ చెయ్యి కాలిందని, క్షమించమని అడిగాను. మూడు నెలలు నాకు ప్రభువు బల్ల ఆపారు. సంఘ కార్యదర్శిగా ఆ తీర్మానం చదివింది యేసుప్రసాదే. గొంతు కూడా తడబడలేదు. ఆ మూడు నెలలు రొట్టె, ద్రాక్షరసం నన్ను దాటి పక్కవాడికి పోతుంటే తల వంచుకు కూర్చున్నాను. బండ్లు రావడం మానేశాయి. షెడ్డుకు తాళం వేశాను.

5. ఈ ఏడాది మార్చిలో మోటారు పంపు వాల్వు కోసం తమ్ముడింటి అటక ఎక్కాను. అక్కడ గోనెసంచిలో నా కార్బొరేటర్ ఉంది. ఖరీదైన వస్తువని పారేయడానికి వాడికి మనసు రాలేదట. ఎర్ర చుక్క పగిలి ఉంది. స్క్రూ తల మీద స్క్రూడ్రైవరు జారిన గీతలు ఉన్నాయి. అటక మీదే కూర్చుని బిగిస్తూ లెక్కపెట్టాను. ముప్పావు చుట్టుకే ఆగిపోయింది. పెట్రోలు అంత తగ్గిస్తే ఆ ఎండకు ఏ ఇంజనైనా మంట కక్కుతుంది. సంచితో సహా దాన్ని తెచ్చి షెడ్డులో కారు దగ్గర పెట్టాను.

అడిగాను. "మైలేజీ వస్తాదని బిగించినా అన్నా. ఇంత పనైతాదని నాకేం తెలుసు? పెండ్లికొడుకు వాళ్ల ముందర ఎట్ల చెప్పేది?" అన్నాడు. తర్వాత తొమ్మిదేళ్లు ఏమైందిరా అన్నాను. "నువ్వే సంఘం ముందర ఒప్పుకుంటివి గదా. ఇంక నేనేం చెప్పేది?" అన్నాడు.

స్క్రూ తిప్పినందుకు నాకు కోపం లేదు. చేతకాని పని ఎవడైనా చేస్తాడు. చేయని తప్పుకు నేను నిలబడి ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నాడు చూడండి, అది నాకు మింగుడు పడలేదు. నేను ఎత్తుకు పెంచిన తమ్ముడు వాడు.

6. నేను పోయాక ఇది చచ్చినవాడి ఒక్కడి మాట అవుతుంది. నిస్సీ నమ్మాల్సిన పని లేదు. అందుకని ఈ వీలునామాకు రెండో సాక్షిగా యేసుప్రసాద్‌ను పిలిపించాను. పైదంతా చదివి, "ఇది నిజం" అని ఒక్క మాట రాసి సంతకం పెడితే చాలు. మా క్రైస్తవుల వీలునామాలో సాక్షి సంతకం పెట్టినవాడికి అందులో రాసిన ఆస్తి చెల్లదని ప్లీడరు చెప్పారు. కాబట్టి సంతకం పెడితే మూడో అంశంలోని స్థలం అతనికి రాదు, ఏసుమణికి పోతుంది. పెట్టకపోతే స్థలం అతనిదే. చాటుగా ఏమీ చేయడం లేదు, ఈ సంగతి అతనికి ముందే చెప్పాను.

7. దీన్ని అమలు చేసే బాధ్యత మా పాస్టరు లేవి గారిది. సంఘం మినిట్స్ పుస్తకంలో నా మీద రాసిన తీర్మానం కొట్టేయమని అడగను. నాలుగు, ఐదు అంశాలకు నకలు తీసి ఆ పేజీ పక్కన అతికించమని మాత్రం అడుగుతున్నాను.

8. ఈ అంశం ఈ పూటే కలిపి రాస్తున్నాను. యేసుప్రసాద్ పదకొండు గంటలకు వచ్చాడు. కాగితాలు మొదటి నుంచి చివరి దాకా చదివాడు. నాలుగో అంశం రెండుసార్లు చదివాడు. కళ్లు తుడుచుకున్నాడు. పెన్ను తీసుకున్నాడు. కాసేపు పట్టుకుని, మళ్లీ బల్ల మీద పెట్టి లేచాడు. పోయేవాడు గుమ్మం దగ్గర ఆగితే, మనసు మారిందనుకున్నాను.

"స్థలం పట్టా యాడుండాది అన్నా?" అని అడిగాడు.

పట్టా బీరువాలో, బట్టల కింద ఉంది. లేవి గారు తీసి అతనికి ఇవ్వాలి.

ఇది నా మొదటి వీలునామా, చివరిది కూడా. నందికొట్కూరులో, 2024 జూన్ 14న, సాక్షులు చూస్తుండగా చేవ్రాలు చేశాను.

(సం.) గద్దల దావీదురాజు

సాక్షులు:
1. (సం.) లేవి, పాస్టరు, నందికొట్కూరు
2. యేసుప్రసాద్ పేరు కొట్టివేయడమైనది. అతని బదులు (వేలిముద్ర) హంపమ్మ, ఎదురింటి టీ అంగడి