చైర్మన్‌పై కొర్రీ

మార్చి 2

ఈ ఇంటి నుంచి విదేశానికి తరలవలసినవారు ఇద్దరు. ఒకరు నేను, రెండవవారు మా కుక్క. శ్రీమతి జనవరిలోనే వెళ్ళి అక్కడి ఆసుపత్రి మందుల విభాగంలో చేరింది. కుక్కను ప్రయాణానికి సిద్ధం చేసి వెంటబెట్టుకు రావలసిన బాధ్యత నాకు అప్పగించబడింది. ఆఫీసు సెలవు మంజూరైంది. ఇంట్లో ఎందరు నిలబడి ఉన్నా ఉన్న ఒక్క మంచి కుర్చీలో తానే కూర్చుంటారు కనుక కుక్కను చైర్మన్ గారు అంటాం.

ఇవాళ బోను వచ్చింది. జంతువులను విమానాల్లో పంపే ఏజెంటు స్వయంగా తెచ్చాడు. చిలకల్ని పంపానండీ, తాబేలుని పంపాను, అల్లుడి మీద అలిగిన ఓ అత్తగారి పిల్లిని కూడా పంపాను, కానీ బోనంటే బెదిరే కుక్కని మాత్రం ఏ విమానం వాడూ ఎక్కించుకోడు సార్ అన్నాడు. తనంతట తాను లోపలికి వెళ్ళాలట, తలుపు వేసినా నిశ్చింతగా పడుకోవాలట. అది కుదిరిన రోజు ఫోన్ చేస్తే ఇద్దరికీ టికెట్లు బుక్ చేస్తాడట.

మార్చి 4

చైర్మన్ గారు బోనులోకి వెళ్ళారు. తలుపు వేశాను. గురక పెట్టారు.

మార్చి 4, సాయంత్రం

శ్రీమతి ఫోన్. మనవాడు ఎలా ఉన్నాడు, బోనెక్కాడా అని అడిగింది. అంశం పరిశీలనలో ఉందన్నాను. పోన్లెండి, కొత్త కదా, తొందరపెట్టకండి అంది.

ఏజెంటుకు ఫోన్ చేయలేదు.

మార్చి 9

నేను పనిచేసేది అభ్యంతరాల విభాగంలో. మా దగ్గర ఏ ఫైలునూ తిరస్కరించం. తిరస్కరిస్తే అవతలివాడు పై అధికారి దగ్గరికి వెళ్తాడు. అందుకని ఒక కొర్రీ వేసి వెనక్కి పంపుతాం. దానికి జవాబు వస్తే ఇంకో కొర్రీ. ఫైలు ప్రాణంతోనే ఉంటుంది, కాకపోతే కదలదు. ఈ విద్యలో నన్ను మించినవాడు లేడని రిటైరైనవాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

వీసా మీద నా హోదా ‘ఆధారితుడు’. చైర్మన్ గారి కాగితాల మీద ‘ఆరోగ్యవంతమైన జంతువు’ అని ఉంది. ఎవరిది మెరుగైన హోదా అన్నది వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ నా కొర్రీలతో ఎవరికీ పని లేదు. ఉదయం ఆమె డ్యూటీకి వెళ్తుంది. మేమిద్దరం కిటికీ దగ్గర కూర్చుంటాం. సాయంత్రం తాళం చప్పుడు కాగానే ఇద్దరం ఎదురు వెళ్తాం.

భయంగా ఉంది. భయమని ఆమెతో చెప్పడానికి సిగ్గుగా ఉంది. కనుక ప్రయాణం ఫైలు మీద కుక్కను కొర్రీగా వేశాను.

మార్చి 15

మరదలు చెప్పాపెట్టకుండా వచ్చింది. అప్పటికి చైర్మన్ గారు బోనులో నాలుగు కాళ్ళూ పైకెత్తి నిద్రలో ఉన్నారు. ఇవాళే మొదటిసారి అన్నాను. ఇది కొత్తగా చేరినవాడి నిద్రలా లేదు బావా, పెన్షన్ మొదలైనవాడి నిద్రలా ఉంది అంది. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తుందట. అక్కకి వీడియోలో చూపిద్దాం, పాపం రోజూ వాడి గురించే బెంగ అంది.

నిజం చెప్పడానికి ఆదివారం వరకు గడువు లభించింది.

మార్చి 17

కింద సంతకం చేసినవాడు నేటి మధ్యాహ్నం చైర్మన్ గారిని బిస్కెట్ చూపి బోనులోకి పంపి, గడియ వేసి, బోను వెనుక నిలబడి, స్టీలు పళ్ళేన్ని గరిటెతో బాదాడు. మొరుగుడు మూలుగైన తరువాత కూడా బాదాడు.

గడియ తీశాను. వాడు బయటికి దూకి, ఎక్కడ దాక్కోవాలా అని గదంతా చూశాడు. నా కాళ్ళ మధ్యకి వచ్చి దాక్కున్నాడు.

మార్చి 18

నేను బాదింది వాడు తినే పళ్ళేన్నే. ఇవాళ తిండి ముట్టలేదు.

మార్చి 22

మరదలు ఫోన్ పట్టుకుంది. తెర మీద శ్రీమతి, తల దువ్వుకుని, వాడి కోసం ముస్తాబైనట్టు. రా నాన్నా, ఎక్కు, నేను చూస్తున్నాగా అంది. వాడు వెనక్కి వెనక్కి జరిగి గోడకు అంటుకుపోయి ఉన్నచోటే తడిపేశాడు. మరదలు నా వైపు చూసింది. నేను సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాను.

ఇంకొన్నాళ్ళు చూద్దాం అన్న జవాబు వస్తుందని నా అంచనా. శ్రీమతి మాత్రం, చాలండి, వాణ్ణి హింస పెట్టకండి అంది. చెల్లెలి దగ్గర ఉంచేయండి, వాడు అక్కడే సుఖంగా ఉంటాడు, మీరు వచ్చేయండి అంది. తరువాత ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టినట్టుంది. నల్లటి తెరలోంచి ముక్కు చీదిన శబ్దం వచ్చింది.

నా సర్వీసులో ఒకే కొర్రీతో ఫైలు మూతపడడం ఇదే మొదలు. పైగా వెళ్ళాలనుకున్న పేరు కొట్టేసి, వద్దనుకున్న పేరు ఉంచారు.

మొన్న అంత హాయిగా పడుకున్నాడు కదా, ఏమైంది బావా అని మరదలు వెళ్తూ అడిగింది. పక్కింట్లో డ్రిల్లింగ్ అన్నాను.

మార్చి 26

చైర్మన్‌ను తిరిగి బోనెక్కించడానికి బిస్కెట్లు, బతిమాలడం, కొత్త దుప్పటి, మందలింపు వరుసగా ప్రయోగించబడ్డాయి. ఫలితం శూన్యం. చివరికి నేనే దూరాను. తల, మొండెం లోపల, కాళ్ళు బయట. చూశావా, ఏమీ లేదురా అంటూ అలాగే పడుకున్నాను. ఎదురింటి పిన్నిగారు కిటికీలోంచి చూసి, ఏం బాబూ, ఆఖరికి నిన్నే పంపిస్తున్నారా అని అడిగింది. ఇంకా ఖాయం కాలేదన్నాను.

వాడు లోపలికి రాలేదు. వణుకుతూనే దగ్గరికొచ్చి నా ప్యాంటు అంచు పళ్ళతో పట్టుకుని బయటికి లాగాడు. నన్ను కాపాడుతున్నాడు.

మార్చి 29

చెప్పేశాను. ముందుగా చిత్తుప్రతి తయారు చేసుకున్నాను. అనివార్య కారణాల వల్ల బోను పరిసరాల్లో కొంత శబ్దం సంభవించింది అని ఫోన్‌లో చదివాను. ఎవరు చేశారు అంది. నేనే అన్నాను. ఎందుకంది. నాకు అక్కడికి రావాలంటే భయం అన్నాను.

తలుపు వేసి ఉండగానా అని అడిగింది. అవునన్నాను.

భయమని ఒక్క మాట అంటే మిమ్మల్ని మెడపట్టుకుని లాక్కొచ్చేదాన్నా అంది. మీరు ఆగేవారు, వాడు వచ్చేవాడు, అంతే కదా అంది. మీ భయం తీసుకెళ్ళి ఆ నోరులేనివాడికి తగిలించారు అంది. గొంతు పెంచలేదు. సెలవు దొరకగానే తనే వచ్చి తీసుకెళ్తుందట. అందాకా చెల్లెలింట్లో ఉంచమంది. నా ప్రయాణం సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మార్చి 30

చైర్మన్‌ను దింపి వచ్చాను. మరదలికి అక్క అంతా చెప్పినట్టుంది. గుమ్మంలోనే గొలుసు అందుకుంది. డ్రిల్లింగ్ అయిపోయిందాండీ అని అడిగింది.

బావా అనలేదు.

ఏప్రిల్ 21

శ్రీమతి చైర్మన్‌ను తీసుకుని ఇంటికి వచ్చింది. బోను తలుపు ఊడదీసి, దాని పక్కన నేలమీద కూర్చుంది. వాణ్ణి పిలవలేదు. పేపరు చదువుకుంది. మీరు ఆ గదిలోకి వెళ్ళండి అంది. వెళ్ళాను.

ఏప్రిల్ 25

గోడ అవతల ప్లాస్టిక్ మీద గోళ్ళ శబ్దం. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆ తరువాత గురక.

లేచి వెళ్ళి చూడలేదు. నాకు అనుమతి లేదు.

ఏప్రిల్ 30, విమానాశ్రయం

ప్రయాణం వాళ్ళిద్దరిది, నాది సందర్శకుడి పాస్. కుక్క దేనికైనా బెదురుతుందా అని కౌంటరులో ఉద్యోగి అడిగాడు. చప్పుళ్ళకి అంది శ్రీమతి. చిన్నప్పటి నుంచా అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపు నేనే చెప్పాను. మొత్తం, వెనుక వరుసలో ఉన్నవాళ్ళకి వినబడేటట్టు.

ఇప్పుడు అందరికీ తెలుసు. వాడికి తప్ప. బోనులోంచి నన్ను చూసి తోక ఊపాడు.